కాక్‌టెయిల్ మీద పడ్డ అపనింద

మందు రుచి తెలిసినవాళ్లమని చెప్పుకునే నలుగురు కూర్చున్నచోట కాక్‌టెయిల్ మాటెత్తండి. ఎవరో ఒకరు ఠక్కున అందుకుంటారు: “అదంతా అమెరికాలో మద్యనిషేధం నాటి గొడవండీ. దొంగ జిన్ను కంపు భరించలేక పంచదారా పళ్లరసాలూ కలుపుకుని మింగారు. దానికే కాక్‌టెయిల్ అని పేరు పెట్టారు. మంచి సరుకు చేతిలో ఉన్నవాడికి ఆ కలగాపులగం ఎందుకు?” వెంటనే రెండో మాట కూడా వస్తుంది: “ఆ బిటర్స్, ఆ బాదం సిరప్పులు, ఆ పూల లిక్కర్లు అన్నీ కంపు కప్పెట్టడానికి పుట్టినవే. వాటికి కాలం చెల్లింది.”

ఎదుటివాడి వాదాన్ని పలచన చేసి కొట్టేయడం తేలిక. అందుకే దాన్ని బలంగా ఉన్న రూపంలోనే ముందు పెడతాను. అమెరికాలో 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 దాకా మద్యం తయారీ, రవాణా, అమ్మకం నేరం. ఆ కాలంలో పారిశ్రామిక స్పిరిట్‌లో జునిపర్ నూనె కలిపి ఇళ్లలో జిన్ను చేసుకున్న మాట నిజం. దాన్ని గొంతు దించడానికి నారింజరసం, అల్లం సోడా పోసుకున్నదీ నిజం. అంతకు మూడు వందల ఏళ్ల ముందు ఓడల మీద ఘాటు సారాను నిమ్మరసం, చక్కెరలతో సాధువు చేసుకున్నదీ నిజమే. ఈ రోజు దుకాణంలో దొరికే జిన్నూ విస్కీ అప్పటి దొంగ సరుకు కంటే వెయ్యి రెట్లు నయమన్నది మరీ నిజం. విడివిడిగా చూస్తే ఏ ముక్కా అబద్ధం కాదు. వాటిని గుదిగుచ్చి తీసిన తీర్పే తప్పు.

1. తేదీలు కుదరవు

1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో వెలువడే పత్రిక ఒకటి పాఠకుడి ప్రశ్నకు జవాబు అచ్చువేసింది. కాక్‌టెయిల్ అంటే ఏమిటని అతను అడిగాడు. ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, బిటర్స్ అనే చేదు మూలికల సారం కలిపిన పానీయమని సంపాదకుడు చెప్పాడు, పనిలో పనిగా రాజకీయ నాయకుల మీద ఒక చురక కూడా వేశాడు. నిషేధం రావడానికి ఇంకా 114 ఏళ్లుంది. 1862లో జెర్రీ థామస్ బార్‌టెండర్ల కోసం పుస్తకమే రాశాడు. మన్‌హాటన్, మార్టినీ 1880ల నాటికి అమెరికా బార్లలో మామూలైపోయాయి. ఏవియేషన్ తయారీ పద్ధతిని హ్యూగో ఎన్‌స్లిన్ 1916లో అచ్చు వేశాడు. క్లోవర్ క్లబ్, జాక్ రోజ్, డైకిరీ, ఏది తీసుకున్నా అన్నీ 1920కి ముందువే.

బిడ్డ పుట్టిన నూటపద్నాలుగేళ్లకు పెళ్లయిందట తల్లికి! ఇంత చిన్న లెక్కను పట్టించుకోకుండా ఈ కథ ఇన్నాళ్లు బతకడానికి కారణం ఒకటే: దొంగ బార్లు, గ్యాంగ్‌స్టర్లు, తలుపు సందులోంచి చెప్పే రహస్య సంకేతాలు సినిమాకు బాగుంటాయి. 1806 నాటి పాఠకుడి ఉత్తరంతో సినిమా ఏం తీస్తారు?

2. నిషేధం కన్నది ఏమిటి?

నిషేధం కాక్‌టెయిల్‌ను కనలేదు సరికదా, దాని గొంతు మీద కాలు పెట్టింది. చట్టబద్ధమైన బార్లన్నీ మూతబడ్డాయి. ఏళ్ల తరబడి చేతులు తిప్పి పని నేర్చుకున్న బార్‌టెండర్లలో కొందరు వేరే పనులు చూసుకున్నారు, కొందరు దేశం దాటారు. హ్యారీ క్రాడాక్ లండన్ వెళ్లి సవాయ్ హోటల్లో చేరాడు. 1930లో వచ్చిన ‘సవాయ్ కాక్‌టెయిల్ బుక్’ ఆయనదే. సైడ్‌కార్ అనే కాక్‌టెయిల్ 1922లో లండన్‌లో వెలువడిన పుస్తకాలకెక్కింది. హవానాలో ఎల్ ఫ్లోరిడిటా బార్‌కు అమెరికన్లు ఓడలెక్కి వెళ్లారు. అంటే ఆ పదమూడేళ్లలో పేరు పడ్డ కొత్త పానీయాల్లో చాలావరకు నిషేధం లేని ఊళ్లలో, సీలు ఉన్న సీసాల్లోని నికార్సైన మద్యంతో తయారయ్యాయి. దొంగ జిన్నుకూ వాటికీ సంబంధం ఎక్కడ?

పోనీ, ఆ మహత్యం నిషేధానిదే అనుకుందాం. అలాగైతే మన దగ్గర కూడా జరిగి ఉండాలి కదా! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యాన్ని ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించారు. 1997లో సడలించారు. ఆ కాలంలో తెలుగునాట ఏ కొత్త కాక్‌టెయిల్ పుట్టింది? గుడుంబా బట్టీలు పెరిగాయి, సరిహద్దుల మీదుగా సీసాలు రాత్రిపూట ప్రయాణం చేశాయి. అంతే. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ నిషేధం ఉంది. ప్రపంచానికి గుజరాత్ ఇచ్చిన కాక్‌టెయిల్ పేరు ఒక్కటి చెప్పండి. (ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. దూబగుంట ఆడవాళ్ల కోపం ఎందుకో ఎరిగినవాణ్ణే.)

ఇంకో సంగతి. అమెరికాలో పారిశ్రామిక ఆల్కహాల్‌ను ఎవరూ తాగకూడదని ప్రభుత్వమే అందులో మిథనాల్ వంటి విషాలు కలిపించింది. తాగినవాళ్లలో ఎంతోమంది చచ్చిపోయారు, చూపు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నిజంగా చెడ్డ మందుకు ఏ సిరప్పూ ముసుగు కాదు.

3. చేదు దేన్ని కప్పుతుంది?

ఈ వాదంలో అతి పెద్ద చిల్లు ఇక్కడుంది. కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం.

ఓల్డ్ ఫ్యాషన్డ్ ఎలా చేస్తారో చూడండి. బరువైన పొట్టి గ్లాసులో పంచదార బిళ్ల ఒకటి వేస్తారు. దానిమీద అంగొస్తురా బిటర్స్ రెండు మూడు విదుపులు. బిళ్ల మూలల నుంచి ఇటుక రంగు పాకుతూ మొత్తం నానిపోతుంది. చెంచాడు నీళ్లు పోసి నూరాలి. రై విస్కీ గానీ బూర్బన్ గానీ 60 మిల్లీలీటర్లు పోయాలి. పెద్ద ఐసుగడ్డ వేసి, గ్లాసు బయట చెమట పట్టేదాకా నిదానంగా తిప్పాలి. చివర్న నారింజ తొక్కను గ్లాసు మీద మెలిపెడితే సన్నటి నూనె తుంపర పడుతుంది. అయిపోయింది. ఇందులో విస్కీ 60 మిల్లీలీటర్లయితే బిటర్స్ రెండు మిల్లీలీటర్లు. పళ్లరసం చుక్క లేదు. చెడ్డ విస్కీ పోస్తే అది ఎక్కడ దాక్కుంటుంది?

మార్టినీ ఇంకా దిగంబరం. జిన్, డ్రై వెర్మూత్, పాతకాలం పద్ధతైతే ఆరెంజ్ బిటర్స్ ఒకటి రెండు చుక్కలు. అందులో చక్కెర కూడా ఉండదు. కంపు కప్పెట్టాలన్నదే ఉద్దేశమైతే ఈ పానీయాన్ని కనిపెట్టినవాడంత తెలివితక్కువవాడు ఉండడు.

అసలు చేదును ముసుగుగా వాడేది ఎవరు? కప్పిపుచ్చాలనుకున్నవాడు తీపి పోస్తాడు, కోలా పోస్తాడు, పులుపు దట్టిస్తాడు. చేదు పని వేరు. అది నాలుకను లేపుతుంది, తీపిని హద్దులో పెడుతుంది, మద్యంలో విడివిడిగా ఉన్న వాసనలను ఒకచోటికి తెస్తుంది. కందిపప్పు పాడైపోయింది కనుక ఇంగువ వేస్తారని ఎవరైనా అంటే మనింట్లో ఆడవాళ్లు గరిటె తిరగేస్తారు. బిటర్స్ గురించి అదే మాట అంటే మాత్రం చరిత్ర అయిపోతోంది!

ఆ బిటర్స్ పుట్టుక చూసినా కంపు సంగతి ఎక్కడా తగలదు. యొహాన్ సీగర్ట్ అనే జర్మన్ వైద్యుడు వెనెజువేలాలో సైమన్ బొలివార్ సైన్యానికి శస్త్రవైద్యుడిగా పనిచేశాడు. అంగొస్తురా ఊళ్లో 1824లో ఆయన దీన్ని కడుపు మందుగా తయారుచేశాడు. ఇప్పుడా ఊరు సియుదాద్ బొలివార్. వ్యాపారం 1875లో ట్రినిడాడ్ దీవికి మారింది. ప్రధానమైన చేదు జెన్షన్ అనే మొక్క వేరుది. సీసాకు సరిపడనంత పెద్దగా, మెడ మీదికి ఎక్కివచ్చే కాగితపు లేబుల్‌ను చూసి గుర్తుపట్టొచ్చు. అందులో ఆల్కహాల్ 44.7 శాతం. అంటే అదీ మద్యమే, మంచి విస్కీ అంత ఘాటుగా.

ఇక జిగురు పాకం సంగతి. పంతొమ్మిదో శతాబ్దపు బార్‌టెండర్లు ఉత్త పంచదార పాకం బదులు గమ్ సిరప్ వాడేవాళ్లు. మన తుమ్మ జాతికే చెందిన చెట్ల బంకను పాకంలో కరిగిస్తే వచ్చేది అది. దానికి సొంత రుచి దాదాపు లేదు. పానీయం నోట్లో పట్టులా జారేలా చేస్తుందంతే. రుచే లేని దినుసు కంపును ఎలా కప్పుతుందో ఈ సిద్ధాంతకర్తలు చెప్పాలి.

నిమ్మరసం కొంత కప్పుతుంది, ఒప్పుకుంటాను. అయినా రమ్ము, నిమ్మరసం, చక్కెర తప్ప మరేమీ లేని డైకిరీలో రెండు రకాల రమ్ములు పోసి పక్కపక్కన రుచి చూడండి. ఏది ఏదో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు.

4. పంచ్ సాక్ష్యం ఎవరి పక్షం?

ఎదుటి పక్షం చివరికి పంచ్‌ను, అంటే మొదట చెప్పిన ఓడల మీది నిమ్మరసం, చక్కెర కలిపిన సారాను సాక్షిగా పిలుస్తుంది. కాక్‌టెయిల్‌కు తాత పంచ్, పంచ్ పుట్టింది మోటు సారాను మింగడానికి, కనుక వంశమంతా అంతేనని. ఈ తాతకు తెలుగు తీరంతో బంధుత్వముంది. పంచ్ గురించి ఇప్పటిదాకా దొరికిన తొలి రాతల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. దాన్ని అందుకున్నవాడు ఈస్టిండియా కంపెనీ తరఫున పేటపోలిలో ఉన్న వర్తకుడు. పేటపోలి అంటే ఇప్పటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. పంచ్ అతిగా తాగొద్దన్న ధోరణి తప్ప, తాగేది పాడు సరుకన్న ఫిర్యాదు అందులో లేదు.

ఓడ మీద అది అవసరంలోంచే పుట్టి ఉండొచ్చు. కానీ అవసరంలోంచి పుట్టిన వంటలన్నీ అక్కడే ఆగిపోవు. ఆ తర్వాత లండన్‌లో డబ్బున్నవాళ్లు పంచ్ కోసం కోరి తెప్పించుకున్నది బటావియా అరక్‌ను. జావాలో చెరకు మడ్డిని ఎర్రబియ్యంతో పులియబెట్టి బట్టీ పెట్టిన మద్యం అది. మన ఊరి సారాతో ఇంగ్లీషు పేరొక్కటే కలుస్తుంది. అప్పట్లో అది మామూలు రమ్ము కంటే ఖరీదైన సరుకు. ఖరీదైన మద్యాన్ని కొని, దాని వాసన తగలకుండా చేసుకోవడానికి మళ్లీ నిమ్మకాయలకూ చక్కెరకూ జాజికాయకూ డబ్బు తగలేశారా?

ఐసు లెక్క కూడా ఇలాంటిదే. ఫ్రెడరిక్ టూడర్ బోస్టన్ పక్క చెరువుల నుంచి మంచుగడ్డలు కోయించి, రంపపు పొట్టులో చుట్టి ఓడల్లో పంపేవాడు. ఆ మంచు 1833లో కలకత్తా చేరింది. మద్రాసు మెరీనాలో ఇప్పుడు వివేకానందర్ ఇల్లంగా ఉన్న ఐస్‌హౌస్ 1842లో ఆ మంచును దాచడానికే కట్టారు. అమెరికన్ బార్ ఎదిగింది ఈ మంచు వ్యాపారం మీద ఆధారపడే. సముద్రాలు దాటి వచ్చే మంచును మురికి సారాలో వేసుకునేవాడెవడు?

5. “పాత సరుకు లేకపోయినా నడుస్తుంది”

నడవలేదు. నడవకపోవడం ఒక శతాబ్దం పాటు కళ్లముందే జరిగింది.

ఏవియేషన్‌నే తీసుకోండి. ఎన్‌స్లిన్ 1916లో జిన్, నిమ్మరసం, మరస్కీనో లిక్కర్‌తోపాటు క్రెమ్ ద వయోలెట్ అనే పూల లిక్కర్ కొద్దిగా పోయమన్నాడు. 1930 సవాయ్ పుస్తకంలో ఆ పూల లిక్కర్ మాయమైంది. తర్వాతివాళ్లు ఆ పుస్తకాన్ని చూసి, తెల్లగా పుల్లగా ఉండే పానీయమొకటి చేసుకుంటూ వచ్చారు. 2007లో ఆస్ట్రియా నుంచి ఆ లిక్కర్ మళ్లీ అమెరికా చేరాక గ్లాసులో ఆకాశపు రంగు తిరిగొచ్చింది, పుల్లదనానికి ఎదురు దొరికింది. అదే లిక్కర్ చెంచాడు ఎక్కువైతే సబ్బు నీళ్లు తాగినట్టుంటుంది, అదీ చెబుతున్నాను. పాతదల్లా బంగారమని ఎవరన్నారు? కొలతకు లోబడి పనిచేసే దినుసని మాత్రమే అంటున్నాను.

కినా లిలే ఇంకో ఉదాహరణ. ద్రాక్షసారాయిలో సింకోనా బెరడు చేదు ఊరిన ఫ్రెంచ్ పానీయం అది. కార్ప్స్ రివైవర్ నంబర్ టూ అనే సవాయ్ పానీయంలో జిన్, క్వాంత్రో, నిమ్మరసంతో సమానంగా దీన్నీ పోయాలి. 1986లో కంపెనీ దాని తయారీ మార్చి, చేదు తగ్గించి లిలే బ్లాంక్ పేరుతో అమ్మింది. దాన్నే పోసి చేస్తే పానీయం తియ్యగా, మెత్తగా, ఎటూ కాకుండా తేలిపోతుంది. తెలిసిన బార్‌టెండర్లు ఆ చేదు కోసం కొక్కీ అమెరికానో అనే పానీయం వైపు మళ్లారు. తీసేసింది ముసుగే అయితే లోపలి ముఖం బయటపడి మెరవాలి కదా. ఇక్కడ ఇల్లు ఒక పక్కకు ఒరిగింది.

అమెరికాలో అబ్‌సింత్ అనే మద్యాన్ని 1912లో నిషేధిస్తే 2007 దాకా చట్టబద్ధంగా దొరకలేదు. ఆరెంజ్ బిటర్స్‌ను దాదాపు అందరూ మరిచిపోయారు, 2005లో గ్యారీ రీగన్ తన పేరుతో తెచ్చాక మార్టినీ మళ్లీ పాత రుచి చూసింది. అసలైన గ్రెనడిన్ అంటే దానిమ్మ రసంలో పంచదార కరిగించిన పాకం. దాని స్థానంలోకి వచ్చింది ఎర్ర రంగేసిన చక్కెర నీళ్లు. మనకేమో అనంతపురం దానిమ్మలు సంతలో కుప్పలు పోసి ఉంటాయి, బార్లో మాత్రం ఆ రంగు సీసాయే!

జెర్రీ థామస్ 1862 పుస్తకంలో జపనీస్ కాక్‌టెయిల్ అని ఒకటుంది. బ్రాందీ, బిటర్స్, ఓర్జా అనే బాదం పాకం. బాదం పప్పులు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, గుడ్డలో వేసి పిండి, ఆ పాలలో పంచదార కరిగించి, చివర్న నారింజ పూల నీళ్లు రెండు చుక్కలు వేస్తే అది ఓర్జా. ఒక పూట పని. బాదం ఎసెన్స్ కలిపిన సిరప్ రెండు నిమిషాల పని. రెండో దాంతో చేసినప్పుడు ముక్కుకు బాదం వాసన తగులుతుంది, నోట్లో ఏమీ మిగలదు. మొదటి దాంతో చేస్తే బ్రాందీలోని ఎండుద్రాక్ష రుచి బాదం కొవ్వు మీద కూర్చుని గుటక దిగాక కూడా ఉంటుంది. బ్రాందీని కప్పేది ఏదో, పట్టి చూపేది ఏదో ఆ రెండు గ్లాసులూ చెబుతాయి.

6. నీట్ భక్తుల శుద్ధి

“కలపని మందే నిజమైన మందు” అనేవాళ్లకు రెండు ముక్కలు. మన దేశంలో అమ్ముడయ్యే విస్కీలో పెద్ద వాటా చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు కొంత మాల్ట్ కలిపింది. స్కాచ్‌లో కూడా రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. బ్లెండెడ్ స్కాచ్ పేరులోనే కలపడం ఉంది: పదుల రకాల విస్కీలను కొలత ప్రకారం కలిపినవాణ్ణి మాస్టర్ బ్లెండర్ అని గౌరవిస్తారు. ఫ్యాక్టరీలో కలిపితే కళ, కౌంటర్ మీద కలిపితే కల్తీనా? నీట్‌గా తాగడం ఒక ఇష్టం. దానికి ఎవరూ అడ్డురారు. ఇష్టాన్ని చరిత్రగా అమ్మడం మాత్రం కుదరదు.

7. ఈ కథ ఎవరికి లాభం?

ఇంతసేపూ చెప్పింది చరిత్ర గొడవే అయితే ఇంత కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాను. ఈ కథకు ఈ రోజు బిల్లు కడుతున్నది గ్లాసు ముందు కూర్చున్నవాడు. కాక్‌టెయిల్ అంటే ముసుగు అని ఒకసారి నమ్మించాక, లోపల ఏం పోసినా చెల్లుతుందని బారు యజమానికి లైసెన్సు ఇచ్చినట్టే. అరల్లో అడుగున ఉండే సీసా పోస్తాడు. పొద్దున పిండాల్సిన నిమ్మకాయల బదులు డబ్బా రసం పోస్తాడు. న్యూయార్క్‌లో డెబ్బయ్యో దశకపు బార్లు సరిగ్గా ఈ దారిలో వెళ్లే పొడి కలిపిన సోర్ మిక్స్ దాకా దిగజారాయి. 1987లో రెయిన్‌బో రూమ్‌లో డేల్ డీగ్రాఫ్ తాజా రసం, పాత పద్ధతులు పట్టుబట్టి తెచ్చాడు. 1999 చివర్న మిల్క్ అండ్ హనీ అనే బార్ తెరిచిన సాషా పెట్రాస్కీ ఐసు గడ్డ సైజు దాకా పట్టించుకున్నాడు. కాక్‌టెయిల్ మళ్లీ లేచింది ఆ చాదస్తం వల్లే తప్ప, మంచి జిన్నూ విస్కీ దొరకడం వల్ల కాదు. అవి డెబ్బయ్యో దశకంలోనూ దొరికాయి.

హైదరాబాద్‌లో, వాలెట్ పార్కింగ్ ఉన్న ఒక బార్లో మన్‌హాటన్ చెప్పాను. అందులో పోసే వెర్మూత్ సీసా లైట్ల కింద, వేడి తగిలే అరలో, మూత వదులుగా ఉంది. వెర్మూత్ అంటే 1786లో ట్యూరిన్‌లో కార్పానో చేసినప్పటి నుంచీ ద్రాక్షసారాయే. తెరిచాక కొన్ని వారాల్లో గాలికి పాడవుతుంది, చల్లగా ఉంచాలి. గ్లాసులోంచి వచ్చిన వాసన వెనిగర్‌కు చుట్టం. “ఎప్పుడు తెరిచారు బాబూ?” అంటే ఆ కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: “ఎలాగూ కలిపేదే కదా సార్.”

ఆ కుర్రాణ్ణి ఏమనను? వాడికి పని నేర్పినవాళ్లు నేర్పింది ఈ కథే. నలుగురు పెద్దమనుషులు కూర్చుని “అది కంపు కప్పెట్టేది” అని ఇరవై ఏళ్లు చెబుతూ ఉంటే వాడు దాన్ని ఆచరణలో పెట్టాడు. పన్నెండు వందల రూపాయల బిల్లు మీద ఆ సిద్ధాంతానికి జీఎస్టీ విడిగా పడలేదు, అదొక్కటే ఊరట. ఈసారి మీరు మన్‌హాటన్ గానీ మార్టినీ గానీ చెప్పే ముందు వెర్మూత్ ఎక్కడ పెడతారో అడగండి. ఫ్రిజ్‌లోంచి తీసి చూపిస్తే కూర్చోండి. వెనక అరలోంచి దుమ్ము తుడిచి తీస్తే సోడా చెప్పుకోండి.